చేబదులు విత్తనం

తూకాలక్క తోడికోడలికి ఉన్న పద్నాలుగు తెప్పల్లో తొమ్మిదింటిని మిట్టమధ్యాహ్నానికి ఒడ్డుకు లాగేశారు. ఇంకా అయిదు నీళ్లలోనే ఉన్నాయి. లాగిన తెప్పను ఇసుకలో బోర్లించాలి. వెదురు చట్రానికి కట్టిన ఇరవై తాళ్లనూ ఒక్కొక్కటిగా విప్పాలి. ఒక్కో తాడునూ రెండు వేళ్ల మధ్య బిగించి ఈ కొస నుంచి ఆ కొసకు దూయాలి. దూస్తుంటే ముడుల దగ్గర వేలాడుతున్న సముద్రపు నాచు నానిన కాగితంలా తెల్లగా, మెత్తగా రాలిపడుతోంది. ఇరవై రోజుల కిందట అదే నాచు గుప్పిట పట్టనంత గుబురుగా, గోధుమ రంగులో ఉండేది. విరిస్తే పటుక్కుమనేది. ఇప్పుడు ముట్టుకుంటే జిగురు. ఆ వాసన సబ్బుతో రుద్దినా వేళ్లను వదలదు.

దూసిన నాచునంతా గొయ్యి తీసి పూడ్చాలని, నాచు కొనే కంపెనీ సూపర్‌వైజరు చెప్పి వెళ్లాడు. తవ్వినందుకు కూలి ఏమైనా ఇస్తారా అని ఎవరో అడిగితే, మీ పంటకు మీరు గొయ్యి తవ్వుకుంటే కూలి ఎవరిస్తారమ్మా అని నవ్వాడట. ముప్ఫై మంది ఆడవాళ్లు రెండు రోజులుగా తమ పంటను తామే ఉచితంగా పాతిపెడుతున్నారు.

తూకాలక్క తన పని ఆపి, నడుముదాకా తడిసిన చీరతోనే వచ్చి పదో తెప్ప మూల పట్టుకుంది. తోడికోడలు తల ఎత్తలేదు.

"నువ్వు పట్టకక్కా. నీ కళ్లు పడితేనే ఇంత జరిగింది. చెయ్యి కూడా పడాలా?" అంది.

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లూ వినపడనట్టే తాళ్లు విప్పుకుంటున్నారు. తూకాలక్క మూల వదిలేసింది. ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు చేసుకుంటున్న అన్నదమ్ముల పెళ్లాలు వాళ్లు. పదకొండేళ్లు ఒకరి పిల్లలకు ఒకరు జడలు వేసిన చేతులు. ఆమె వెనక్కి తిరిగి తన నీళ్ల వైపు నడిచింది.

ఒడ్డు మొత్తానికి బతికున్న నాచు ఆమె నీళ్లలోనే ఉంది. పన్నెండు తెప్పలు. నలభై అయిదు రోజుల పంట, కోతకు సిద్ధంగా, ముదురు గోధుమ రంగులో నీటి కింద కదులుతోంది. ముప్ఫై మందివి చచ్చి ఒక్కదానివి ఎలా బతికాయన్నది రెండు రోజులుగా ప్రతి ఇంట్లోనూ నలుగుతున్న ప్రశ్న. దానికి నోటికొచ్చిన జవాబులు చెప్పుకుంటున్నారు. ఏదో మందు కలిపిందన్నారు. కడుపుమంట అన్నారు. పదిమంది ఉసురు పోసుకుని బాగుపడినవాళ్లు లేరన్నారు. ఆమె ఇంకా బాగుపడనే లేదు, అది వేరే సంగతి.

నిజం చెప్పాలంటే, పక్క తెప్పల కొసలు తెల్లబారడం మొదటిసారి చూసినప్పుడు తూకాలక్కకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. అయిదు నెలలుగా తనతో మాట్లాడనివాళ్ల పంట అది. మూడో రోజుకు ఆ చల్లదనం పోయి భయం వచ్చింది. అప్పటికి చేతులు దాటిపోయింది.

ఈ పనిలో తప్పేమీ లేదు. అది ముందు చెప్పుకోవాలి. నాచు ఎరువు అడగదు, మంచినీళ్లు అడగదు, గజం నేల అడగదు. పిడికెడు నాచు తాడుకు కట్టి నీళ్లలో వదిలితే నలభై అయిదు రోజుల్లో గంపెడవుతుంది. దాని నీడలోకి చేప పిల్లలు వచ్చి చేరతాయి. వలలకు చేప పడటం మానేసిన ఈ ఒడ్డున మగవాళ్లు దూరపు పడవల మీద కూలికి పోతే, ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఈ నాచే. కాటా షెడ్డు మీద కంపెనీ ఒక పెద్ద బోర్డు పెట్టింది. సముద్రానికి చెరుపు చేయని సాగు, తీరప్రాంత మహిళలే యజమానులు, అని దాని మీద ఉంటుంది. పెద్ద పెద్ద వాళ్లు కార్లలో వచ్చి ఆ బోర్డు కింద ఆడవాళ్లను నిలబెట్టి ఫొటోలు తీసుకుంటారు. బోర్డులో మొదటి మాట నిజం. రెండో మాట సంగతి ఆడవాళ్లకు తెలుసు. బోర్డు మీద యజమానులు, కాటా దగ్గర కూలీలు, నష్టం వచ్చిన రోజు మళ్లీ యజమానులు. కొనేది ఒక్క కంపెనీయే కాబట్టి ఈ లెక్క ఎవరూ పైకి అనరు.

అన్నది తూకాలక్క ఒక్కతే. అప్పటికి ఆమెకా పేరు లేదు.

ఎండిన నాచు కిలో అరవై. ఇరవై కిలోల బస్తా కాటా ఎక్కితే, ఇసుక తరుగు అని రెండు కిలోలు తీసేసేవాడు సూపర్‌వైజరు. ఎవరి బస్తా అయినా, ఎంత దులిపి తెచ్చినా, రెండు కిలోలే. అయిదు నెలల కిందట ఒకరోజు ఆమె తన బస్తాను షెడ్డు ముందే పట్టా మీద గుమ్మరించింది. అందరి ఎదుటా జల్లెడ పట్టింది. రాలిన ఇసుకను చేటలోకి ఎత్తి అదే కాటా మీద పెట్టింది. నూటయాభై గ్రాములు. "మిగతా ఇసుక ఎక్కడుంది సారూ, మీ జేబులోనా?" అని అడిగింది. ఆడవాళ్లు ఆరోజు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సాయంత్రానికి ఆమెకు తూకాలక్క అని పేరు పెట్టారు. మర్నాటి నుంచి ఆ పేరుతోనే ఎగతాళి చేయడం మొదలుపెట్టారు. ఎందుకంటే మర్నాడు సూపర్‌వైజరు తరుగు రెండు కిలోల నుంచి రెండున్నరకు పెంచాడు. ఒక్కరి నోటి దురుసుకు అందరూ తరుగు కట్టాల్సి వచ్చిందని చాలా మెత్తగా చెప్పాడు. ఆమె తెప్పల్ని మధ్యలోంచి తీసి, అలలు నేరుగా కొట్టే చివరి నీటి చెక్కకు నెట్టేశాడు.

ఆ ఒడ్డున నాచు కట్టే ఆడవాళ్లకు ఒక అలవాటుంది. కొత్త తెప్పకు మొదటి తాడు సొంత విత్తనంతో కట్టరు. చుట్టుపక్కల వాళ్ల తెప్పల నుంచి తలా పిడికెడు అడిగి తెచ్చి ఆ తాడుకు కడతారు. చేబదులు విత్తనం అంటారు దాన్ని. పరాయి చెయ్యి పడితేనే తెప్ప కళకళలాడుతుందని నమ్మకం. ఈ పని మొదలుపెట్టిన తొలి ఏడాది, తెప్పలన్నీ గాలివానకు కొట్టుకుపోయి ఒక్క పెద్దామె దగ్గర నాలుగు తాళ్లు మిగిలితే, ఆమె తలా పిడికెడు పంచింది. అక్కడ నుంచి వచ్చిన అలవాటు. ఇచ్చినవాళ్లు తిరిగి అడగరు, పుచ్చుకున్నవాళ్లు మరిచిపోరు. ఎవరి తెప్పకైనా తెగులు తగిలితే, తెల్లబారిన కొసలు కోసేసి, మిగిలిన పచ్చి ముక్కల్ని పారేయకుండా మళ్లీ కట్టుకుంటారు. చాలకపోతే పక్కామె ఇస్తుంది. పంచుకునే చోట పారేయడం పాపం అని వాళ్ల లెక్క.

నెలన్నర కిందట కంపెనీ కొత్తరకం విత్తనం తెచ్చింది. ముప్ఫై రోజుల్లోనే కోతకు వస్తుందని చెప్పింది. లారీలోంచి గోతాలు దింపి అందరికీ పంచుతుంటే తూకాలక్క కూడా బుట్ట పట్టుకుని వరుసలో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి సూపర్‌వైజరు, మీ పేరు జాబితాలో లేదమ్మా అన్నాడు. అంతటితో పోయిందా, మర్నాడు ఆమె కొత్త తెప్ప దించుతూ ఇంటింటికీ తిరిగితే, పిడికెడు చేబదులు ఇచ్చినవాళ్లు లేరు. ఇస్తే సారు కంట్లో పడతామని భయం. మొదట తల తిప్పుకున్నది తోడికోడలే. పదకొండేళ్లలో మొదటిసారి తూకాలక్క మొదటి తాడును తన విత్తనంతోనే కట్టింది. కడుతూ నీళ్లలో నిలబడి ఏడ్చింది.

అలా తప్పించుకుంది. కొత్త విత్తనం ఆమె తెప్పలకు రాలేదు, కొత్త విత్తనం అంటిన పిడికెడు చేబదులూ రాలేదు. అక్కడి నీటి వాలు ఎప్పుడూ ఆమె చెక్క నుంచి మిగతావాటి వైపే పోతుంది కాబట్టి నీళ్లూ తెగులును తేలేదు. మిగతా ముప్ఫై మందీ అలవాటు ప్రకారం మొదటి తాళ్లకు ఒకరి విత్తనం ఒకరు కట్టుకున్నారు. కొసలు తెల్లబారగానే కోసి, మంచిగా కనపడ్డ ముక్కల్ని వేరే తెప్పలకు మార్చారు. ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లను చూసి జాలిపడి ఇంకాస్త ఇచ్చారు. ఆ ఒడ్డున ఉన్న మంచితనమంతా చేతులు మారి మారి, ఇరవై రోజుల్లో నాలుగు వందల తెప్పల్ని చంపింది. చెప్పుకోవడానికి కష్టంగా ఉన్నా జరిగింది అది.

ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజరు కబురు పంపాడు. తూకాలక్క చీర పిండుకుని కాటా షెడ్డుకు వెళ్లింది. ఇన్నాళ్లూ ఎండలో నిలబెట్టి మాట్లాడిన మనిషి ఈసారి కుర్చీ వేశాడు. తడిబట్టలతో కుర్చీ పాడవుతుందని ఆమె నిలబడే ఉంది. పర్వాలేదు కూర్చోండమ్మా అని రెండుసార్లు అన్నాడు. మర్యాద అంత ఎక్కువయ్యేసరికి ఆమెకు అనుమానం వచ్చింది.

అతను చెప్పింది వినడానికి బాగానే ఉంది. ఆమె పన్నెండు తెప్పల్లోని నాచునంతా కంపెనీ పచ్చిదే కొనేస్తుంది, విత్తనం కింద. పచ్చి కిలో పాతిక రూపాయలు. తెప్పకు రెండు వందల యాభై కిలోలు వేసుకున్నా మూడు వేల కిలోలు, డెబ్భై అయిదు వేలు. ఇసుక తరుగు లేదు. అదే ఎండబెట్టి అమ్ముకుంటే పదికి ఒకటి మిగిలే సరుకు, పద్దెనిమిది వేలు దాటదు. ఆ విత్తనాన్ని కంపెనీ మిగతా ఆడవాళ్లకు అమ్ముతుంది. ఎంతకు అని ఆమె అడిగింది. అది పైవాళ్లు నిర్ణయిస్తారన్నాడు.

డెబ్భై అయిదు వేలు అనగానే ఆమెకు భర్త మోకాలు కళ్లముందు కదిలింది. ఎనిమిది నెలల కిందట గాలిరోజున తెప్పల లంగరు రాళ్లు సర్దుతుంటే, తెప్పకూ పడవకూ మధ్య పడి చిప్ప నలిగిపోయింది. యజమానులకు ప్రమాదమైతే కంపెనీకి సంబంధం ఉండదన్నారు. అప్పటి నుంచి అతను గుమ్మంలో కూర్చుని పాత తాళ్లు పేనుతున్నాడు. ఆపరేషన్‌కు అరవై వేలవుతుందనీ, ఏడాది దాటితే చేసినా కాలు వంగదనీ డాక్టరు చెప్పాడు. ఏడాదికి ఇంకా నాలుగు నెలలుంది. ఈ కోతతో కాకపోతే ఇక కాదు.

"దానికి ముందు ఈ కాగితం మీద ఒక సంతకం కావాలమ్మా," అని సూపర్‌వైజరు బల్ల మీదికి ఒక కాగితం తోశాడు.

ఆమె అయిదో తరగతి దాకా చదివింది. వేలు అక్షరాల కింద జరుపుకుంటూ, పెదవులు కదుపుతూ చదువుకుంది. సభ్యులు కంపెనీ సూచనలను పాటించక తమలో తాము విత్తనము మార్చుకొనుట వలన తెగులు వ్యాపించినది. కంపెనీ సరఫరా చేసిన విత్తనమునకు దీనితో ఎట్టి సంబంధము లేదు. పై విషయమును తెగులు సోకని ఏకైక సభ్యురాలిగా ధ్రువీకరించుచున్నాను. అంతే ఉంది. కింద గీత, గీత పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు.

రెండుసార్లు చదివింది. ఈ సంతకం ఎందుకని అడిగింది. అతను దాచలేదు. ఆడవాళ్ల పంట పోతే కొత్త విత్తనం ఉచితంగా ఇవ్వాలని కంపెనీ ఒప్పందంలో ఉందట. తప్పు సభ్యులదైతే ఇవ్వక్కర్లేదట. పైనుంచి మనుషులొచ్చి అడిగితే చూపించడానికి ఒక కాగితం ఉండాలి. పంట పోయినవాళ్లు రాసిస్తే ఎవరు నమ్ముతారు? పోనివాళ్లు రాసిస్తే నమ్ముతారు.

తూకాలక్క కాగితం మీద నుంచి వేలు తీయలేదు.

"మొదటి మాట నిజం సారూ," అంది. "మార్చుకున్నాం. అది మా తప్పే. ఆ మాట నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటా. రెండో మాట నిజం కాదు."

"అమ్మా, అది సాంకేతిక విషయం."

"గోతాలు విప్పిన రోజు నేను పక్కన నిలబడ్డా. నాకు వంతు లేదుగా, ఊరికే చూస్తూ నిలబడ్డా. కొసలు అప్పటికే తెల్లగా ఉన్నాయి. నేను మిమ్మల్నే అడిగా. ఉప్పు అంటిందమ్మా అన్నారు."

సూపర్‌వైజరు తలుపు వైపు చూశాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. నెలజీతానికి పనిచేసే మనిషి. ఇసుక తరుగులో సగం పైవాడికి పంపి, సగం తాను ఉంచుకునేవాడు. ఆ సగంతో పట్నంలో ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాడు. గొంతు తగ్గించి, ఈ కాగితం తెమ్మన్నది నేను కాదమ్మా, తేకపోతే నా ఉద్యోగం ఉండదు అన్నాడు. ఆ మాట నిజంలాగే వినిపించింది. ఆమెకు ఒక్క క్షణం అతని మీద జాలి కూడా కలిగింది. ఆ వెంటనే, ఇంత జాలిగుండెతోనే కదా మా పంటలు పోయాయి అనిపించింది.

"రెండో మాట కొట్టేసి, తెగులు ఎక్కడి నుంచి వచ్చిందో అది కూడా రాయండి. ఇప్పుడే సంతకం పెడతా," అంది.

"అలా రాయడం కుదరదు."

"అయితే నాకూ కుదరదు."

అంత పెద్ద మొత్తాన్ని వద్దనడం ఆమెకు అలవాటు లేదు. అసలు అంత మొత్తం ఎవరూ ఎప్పుడూ ఇస్తామనలేదు. సూపర్‌వైజరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ సీజనులో ఆమె సరుకు కాటా ఎక్కదన్నాడు. ఇక మీద చేతులు మార్చిన విత్తనం ఎవరి తెప్ప మీద కనపడినా వాళ్ల పేరు కూడా జాబితాలోంచి పోతుందని, ఈసారి బయటివాళ్లకు వినపడేలా గట్టిగా చెప్పాడు.

బయట ఆడవాళ్లు పోగై ఉన్నారు. సంతకం పెట్టి బయటికొస్తుందనీ, అప్పుడు మొహాన ఉమ్మెయ్యాలనీ కొందరు ముందే సిద్ధపడి వచ్చారు. పెట్టలేదని తెలిసింది. ఎవరి మొహమూ వికసించలేదు. ముందుగా మాట్లాడింది తోడికోడలే.

"పెడితే నీ సొమ్మేం పోయింది?" అంది. "వాళ్లు మాకు విత్తనం అమ్మేవాళ్లు. నెలకో రెండు నెలలకో మళ్లీ తాళ్లు కట్టుకునేవాళ్లం. ఇప్పుడు నీదీ లేదు, మాదీ లేదు."

వీళ్ల మీద అబద్ధం పడకుండా ఆపానని అనుకుంటూ తూకాలక్క బయటికొచ్చింది. వీళ్లకు కావలసింది విత్తనం. అబద్ధం ఎవరి మీద పడితే ఏం, తెప్ప నిండితే చాలు. అది తప్పు అనడానికి కూడా లేదు. పొయ్యిలో పిల్లి లేవనివాళ్లు నిజాన్ని ఎక్కడ దాచుకుంటారు?

"నా దగ్గర తీసుకోండి," అంది చివరికి. "ఎవరికెంత కావాలంటే అంత. చేబదులు."

తొలి ఏడాది నాలుగు తాళ్ల నాచు పంచిన పెద్దామె వైపు అందరూ చూశారు. ఆమెకు ఇప్పుడు డెబ్భై దాటాయి. ఉప్పునీళ్లకు గోళ్లు ఊడిపోయిన వేళ్లతో కొంగు సర్దుకుంది.

"తీసుకోవచ్చే. కట్టుకోవచ్చు, పెంచుకోవచ్చు. పెంచింది కొనేదెవరు?" అంది.

అందరూ మళ్లీ గోతుల దగ్గరికి వెళ్లిపోయారు.

ఇంట్లో భర్త అప్పటికే అంతా విన్నాడు. తాడు పేనుతూనే ఉన్నాడు. పెళ్లయిన కొత్తలో అతని నోటి హాస్యానికి పడవలో వాళ్లంతా పగలబడి నవ్వేవాళ్లు. కాలు పోయాక హాస్యం పోలేదు, దానికి ముల్లు మొలిచింది. కాగితంలో మొదటి మాట నిజమేనటగా అని అడిగాడు. అవునంది.

"సగం నిజానికి సంతకం పెట్టినా సగం కాలైనా బాగయ్యేది," అన్నాడు.

ఆమె నవ్వలేదు, అతనూ నవ్వలేదు. నువ్వు పెట్టేవాడివా అని అడిగింది. అతను తాడు కొసను పళ్లతో బిగించి, ముడి వేసి, పక్కన పెట్టాడు. పెట్టేవాణ్ణి, అన్నాడు. అబద్ధమాడి ఆమెను ఊరడించకుండా ఉన్నందుకు ఆమెకు ఆ క్షణాన అతని మీద ఎక్కడలేని ప్రేమా కలిగింది, కోపమూ వచ్చింది. వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుంది.

తర్వాత అయిదు రోజులు ఎండ బాగా కాసింది. నాచు ఎండబెట్టడానికి అంతకంటే మంచి ఎండలు ఉండవు. ఒడ్డున వల పరిచిన మంచెలు ఖాళీగా ఉన్నాయి. ఆడవాళ్లు కడిగిన తాళ్లను మళ్లీ చట్రాలకు బిగించి, ఖాళీ తెప్పల్నే నీళ్లలోకి దింపారు. కంపెనీ ఎక్కడి నుంచో విత్తనం తెప్పిస్తుందని ఎవరో అన్నారు. ఎప్పుడో చెప్పలేదు, ఎంతకో చెప్పలేదు. ఖాళీ తెప్ప ఉన్నవాళ్లకే ముందు అమ్ముతారన్న మాట ఒకటి పుట్టి, అందరూ తెప్పలు దింపుకుని కూర్చున్నారు.

తూకాలక్క నాచు ముదిరిపోతోంది. యాభై రోజులు దాటిన నాచు తన బరువు తానే మోయలేదు. అల గట్టిగా తగిలితే ముడి దగ్గర విరిగి కొట్టుకుపోతుంది. రోజూ నీళ్లలోకి దిగేసరికి తాళ్ల మీద ఖాళీలు కనిపిస్తున్నాయి. కోసి ఎండబెడితే కొనేవాడు లేడు. పైగా ఈ ఒడ్డున మిగిలిన విత్తనమంతా ఎండిపోయి గోతాల పాలవుతుంది. వదిలేస్తే సముద్రం పాలు. ఎవరైనా ఒక్కరు వచ్చి పిడికెడు అడుగుతారేమోనని ఆమె రోజుకు పదిసార్లు ఒడ్డు వైపు చూసేది. రాలేదు. ఆమెకు వాళ్ల మీద దయ ఏమీ లేదు. ఒళ్లు మండిపోతోంది. ఇన్నేళ్లు ఇచ్చిపుచ్చుకున్న చేతులు, ఒక్క మనిషి గట్టిగా అరిస్తే కొంగుల్లో దాక్కుంటాయా అని మండిపోతోంది.

ఆరో రోజు పొద్దున నీళ్లు బాగా వెనక్కి తీశాయి. ఆమె అన్నింటికంటే బలంగా ఉన్న తెప్ప చూసి, లేత కొసలుగా తుంచి బుట్ట నింపింది. బుట్టను నీటి మీద తేలనిచ్చి, తోసుకుంటూ, ఒడ్డుకు పోకుండా వరుసల మధ్య నుంచి నడిచింది. తోడికోడలి ఖాళీ తెప్ప దగ్గర ఆగింది. నడుం లోతు నీళ్లు. మొదటి తాడు కొస పట్టుకుని, బుట్టలోంచి పిడికెడు తీసి కట్టడం మొదలుపెట్టింది. నాచు మెడ బిగుసుకోకుండా, పెరిగేకొద్దీ సాగేలా వేసే వదులు ముడి. ఒకటి కట్టింది. జానెడు దూరం వదిలి రెండోది కట్టింది.

ఒడ్డున పని చేసుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరూ కేక వెయ్యలేదు. కాటా షెడ్డు తలుపు తెరిచే ఉంది, లోపల సూపర్‌వైజరు ఉన్నాడు.

ఆరోది కడుతుండగా తోడికోడలు నీళ్లలో పడుతూ లేస్తూ వచ్చింది. వెదురుకు పట్టిన గుల్లలు గీకుతూ ఉందేమో, చేతిలో కత్తి అలాగే ఉంది.

"విప్పక్కా," అంది రొప్పుతూ.

"నేను విప్పను."

"ఇది ఇక్కడుంటే నా పేరు కొట్టేస్తారు. అడక్కుండా ఎందుకు కట్టావు? నేను అడిగానా నిన్ను?"

"అడిగితే బాగుండేది," అంది తూకాలక్క. ఏడోది కట్టింది. "నువ్వు కోసెయ్. నీ తెప్ప, నీ తాడు. నేనేమీ అనను."

తోడికోడలు కత్తిని తాడు కింద పెట్టింది. తాడు బిగుసుకుని, కట్టిన నాచు నీళ్లలోంచి కొంచెం పైకి లేచింది. గోధుమ రంగు కొసల నుంచి చుక్కలు కారుతున్నాయి. ఆమె ఒడ్డు వైపు చూసింది. షెడ్డు వైపు చూసింది. కత్తి కొయ్యలేదు, వెనక్కి రాలేదు.

"పిల్లలకు ఏం పెట్టనక్కా?" అంది. అది పోట్లాట గొంతు కాదు.

తూకాలక్క ఇంట్లోనూ రేపటికి ఏమీ లేదు. ఎనిమిదో పిడికెడు కట్టి, తొమ్మిదో దానికి చెయ్యి చాపింది. బుట్ట అందలేదు. అల మీద జరిగిపోయి తోడికోడలి నడుముకు తగులుకుని ఆగి ఉంది.

"అది ఇలా ఇయ్యి," అంది.

తోడికోడలు బుట్ట వైపు చూసింది. ఒక చేతిలో కత్తి ఉంది. రెండో చెయ్యి ఖాళీగా ఉంది.